చెరిపేసిన మెయిళ్ళు లేచొచ్చిన సాయంత్రం

"క్షమించండి సర్. అవన్నీ రేపు పొద్దున్నే వచ్చి చెరిపేస్తాను."

సెల్‌ఫోన్‌లో ఉన్న ఆ మెసేజ్‌ని కమిషనర్ హొరియా మూడోసారి పైకి చదివి, ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వే పంపావు."

"నేనే పంపాను సర్," అన్నాడు కోస్తిన్.

"సాయంత్రం ఆరూ నలభైకి. ఏడూ ఇరవైకి పంతెలిమోన్ గారి కంప్యూటర్‌లో మెయిళ్ళు చెరిగిపోయాయి. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆయన ప్రాణం పోయిందంటున్నాడు డాక్టరు. రేపు చెరిపేస్తానన్నవాడివి ఆ సాయంత్రమే వెళ్ళి చెరిపేశావు. ఆయన అడ్డం వచ్చాడు, మెట్ల మీంచి తోసేశావు. ఇందులో నీకు అర్థం కానిదేమైనా ఉందా?"

"నాకు ఏదీ అర్థం కావట్లేదు సర్. నేను ఇంట్లోనే ఉన్నాను."

"ఎవరు చూశారు?"

"మా ఆవిడకి రాత్రి డ్యూటీ. మా పిల్లి ఒక్కటే చూసింది."

కోస్తిన్ నవ్వించడానికి అనలేదు. నలభై అయిదేళ్ళ మనిషి, చిన్నచిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసుకు బతుకుతాడు. బేడీలు వేసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూస్తున్నాడు.

గది మూల కుర్చీలో కూర్చుని ఇదంతా వింటోంది ఇన్‌స్పెక్టర్ స్మరంద. నిన్నటిదాకా ఈ కేసు ఆమెది. పంతెలిమోన్ దృగాన్ ఒకప్పుడు దాన్యూబ్ మీద తిరిగే సరుకు పడవలకు నమూనాలు గీసిన ఇంజనీరు కావడంతో, ఆ నమూనాలు ఎవరో కాజెయ్యాలని చూశారేమోనని బుకారెస్ట్‌లోని పై అధికారులకు అనుమానం వచ్చింది. నిన్న మధ్యాహ్నం రైలుకి హొరియా ఈ బ్రయిల ఊళ్ళో దిగాడు. సాయంత్రానికల్లా కోస్తిన్‌ని పట్టుకున్నాడు. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు, హోదాలో రెండు మెట్లు పెద్దవాడు.

"నేనొక మాట అడగొచ్చా సర్?" అంది స్మరంద.

"అడగండి మేడమ్. మీ ఊరి మనిషే కదా, మీకైతే నిజం చెప్తాడేమో."

ఎత్తిపొడుపుని ఆమె పట్టించుకోలేదు. కుర్చీని కోస్తిన్ పక్కకి లాక్కుంది.

"అవన్నీ చెరిపేస్తానన్నారు. 'అవన్నీ' అంటే ఏవి?"

కోస్తిన్ తల మరింత కిందికి దిగిపోయింది. "నా తప్పు మేడమ్ అది. పని సరిగ్గా చెయ్యలేదు."

"ఏ పని?"

"ఆయన పాత కంప్యూటర్ చచ్చే దశకి వచ్చింది. అందులోని మెయిళ్ళనీ ఫోల్డర్లనీ కొత్త కంప్యూటర్‌లోకి, కొత్త మెయిల్ ప్రోగ్రామ్‌లోకి మార్చమన్నారు. పదిహేనేళ్ళ మెయిళ్ళు. పాత ప్రోగ్రామ్‌లో మెయిల్ చెరిపేస్తే నిజంగా పోదు మేడమ్. దాని మీద కొట్టివేత గుర్తొకటి పడుతుంది, కంటికి కనపడదు, అంతే. ఫైల్లో మాత్రం అలాగే ఉంటుంది. 'కుదించు' అని ఒక మీట ఉంటుంది, అది నొక్కితేనే చెత్తంతా ఊడ్చుకుపోతుంది. ముందు అది నొక్కి, తర్వాత మార్చాలి. నేను నొక్కలేదు."

"ఎందుకని?"

"ఆ ముసలి యంత్రం మీద నొక్కితే గంటలు గంటలు కూర్చోవాలి. బద్ధకించాను. ఫైళ్ళని ఉన్నవున్నట్టే ఎత్తి కొత్తదాంట్లో పెట్టేశాను. కొత్త ప్రోగ్రామ్‌కి ఆ కొట్టివేత గుర్తులు తెలీవు. చచ్చినవన్నీ లేచి కూర్చున్నాయి. నేను చూసుకోకుండా అయిదింటికి వెళ్ళిపోయాను."

"తర్వాత ఆయన ఫోన్ చేశారా?"

"చేశారు. 'కోస్తిన్, ఏం చేశావయ్యా నువ్వు? ఇవి ఎక్కణ్ణించి వచ్చాయి? ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయి?' అని కేకలు. ఏడుస్తున్నట్టుంది గొంతు. నాకు నోరు పెగల్లేదు. ఆయన పెట్టేశాక మెసేజ్ పంపాను."

"తిట్టారా?"

"తిట్టినట్టే అనిపించింది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే తిట్టు మాట ఒక్కటీ లేదు."

స్మరంద లేచి నిలబడింది. "సర్, ఇతన్ని పంతెలిమోన్ గారి ఆఫీసుకి తీసుకెళ్దాం. ఆ రోజు ఎలా మార్చాడో అలాగే ఇంకోసారి మార్పిద్దాం."

"సాక్ష్యాన్ని ముద్దాయి చేతిలో పెడదామంటారు."

"పాత ఫైలుకి నకలు తీసి నకలు మీదే చేయిద్దాం. నా ల్యాప్‌టాప్‌లోకి. మీరు పక్కనే నిలబడండి, కావాలంటే చెయ్యి పట్టుకుని నడిపించండి."

హొరియా గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం రైలుకి నేను వెళ్ళాలి. ఆలోపు మీ సరదా తీర్చుకోండి."

*

పంతెలిమోన్ ఆఫీసు ఒక పాత ఇంటి మేడ మీద రెండు గదులు. వీధి తలుపు తియ్యగానే మెట్లు. ఇరుకైనవి, నిట్టనిలువుగా ఉన్నవి, అరిగి మధ్యలో గుంటలు పడ్డవి. కింద ఆయన పడివున్న చోట సుద్దగీతలు ఇంకా పోలేదు. పట్టుకోవడానికి కొయ్య కమ్మీ ఒక పక్కనే ఉంది. స్మరంద దాన్ని ఊపి చూసింది. కదల్లేదు.

పైన తలుపు తీసింది అగ్లాయా. నల్లగుడ్డ తలకి కట్టుకుని ఉంది. అరవై అయిదు దాటినావిడ, ముప్పయ్యేళ్ళుగా ఈ ఆఫీసు తాళం తీసేదీ వేసేదీ ఆవిడే. మొన్న పొద్దున మెట్ల కింద ఆయన్ని మొదట చూసి పోలీసులకి ఫోన్ చేసిందీ ఆవిడే.

"రా తల్లీ, చలిలో వచ్చారు. కాఫీ పెడతాను," అంది స్మరందతో. కోస్తిన్ చేతులకున్న బేడీలు చూసి మొహం తిప్పుకుంది. "పాపం వాడికి కూడా ఇవ్వొచ్చా?"

"ఇవ్వండి," అన్నాడు హొరియా చిరాగ్గా.

"ఆయన కంప్యూటర్ మీరెప్పుడైనా వాడేవారా అగ్లాయా గారూ?" స్మరంద అడిగింది.

"నాకా డబ్బా గొడవ తెలీదమ్మా. పైన దుమ్ము తుడుస్తాను, అంతే." అంటూ ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

కొత్త కంప్యూటర్ నడుస్తూనే ఉంది. సాక్ష్యం కదా అని మొదటి రోజు నుంచీ ఎవరూ దాన్ని ఆపలేదు. పాతది మూలన బల్ల కింద, మీద కుట్టుపూల గుడ్డ కప్పుకుని ఉంది.

కోస్తిన్ కుర్చీలో కూర్చున్నాడు. హొరియా ఒక చేతి బేడీ విప్పాడు. తెర మీద ఎడమ పక్కన ఫోల్డర్ల వరస కనిపించింది. పాతదాంట్లోంచి వచ్చేటప్పుడు తోకలున్న రుమేనియన్ అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఏ ఫోల్డర్ పేరు చూసినా మధ్యలో ఏదో అడుగుతున్నట్టే ఉంది.

"వచ్చిన మెయిళ్ళు తెరవండి," అంది స్మరంద.

తెరిచాడు. జుట్టు మొలిపించే నూనె. లాటరీ తగిలింది. పదిరోజుల్లో సన్నబడండి. గల్ఫ్ యువరాజు ఆస్తి మీకే. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తంతా, చదవనట్టు లావు అక్షరాల్లో, అడుగు కనపడనంత దూరం దిగిపోయింది.

"ఇవేనా లేచొచ్చినవి?"

"ఇవే మేడమ్. ఏనాడో చెరిపేసినవి."

"మీరు రేపొచ్చి చెరిపేస్తానన్నవి?"

"ఇవే."

స్మరంద హొరియా వైపు తిరిగింది. "సర్, ఇతను చెరిపేస్తానన్నవి ఇక్కడే ఉన్నాయి. లాటరీ దగ్గర్నుంచి యువరాజు దాకా ఒక్కటీ పోలేదు. మరి ఏడూ ఇరవైకి చెరిగిపోయినవి ఏవి?"

హొరియా తెర మీదికి వంగాడు. వేలితో మీట నొక్కుతూ కిందికి కిందికి వెళ్ళాడు. అతని మొహంలోని చిరాకు పోయింది కానీ, మాటలో మాత్రం దాన్ని అట్టే పెట్టుకున్నాడు.

"నమూనాలున్న మెయిళ్ళు ఏరి చెరిపేసుంటాడు."

"అవి చూద్దామనే వచ్చాం. కానివ్వండి కోస్తిన్."

పాత కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మీట నొక్కితే అది మూలుగుతూ లేచింది. అందులోని ఫైలుకి నకలు తీసి, నకలుని స్మరంద ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆ రోజు చేసినట్టే 'కుదించు' నొక్కకుండా కొత్త ప్రోగ్రామ్‌లోకి మార్చడం మొదలుపెట్టాడు కోస్తిన్. తెర మీద ఆకుపచ్చ గీత చీమ నడకన సాగుతోంది.

హొరియా కిటికీ దగ్గర నిలబడి అన్నాడు: "మీకు ముసలాయనంటే జాలి ఉన్నట్టుంది మేడమ్. జాలితో కేసులు తేలవు."

"తొందరతో తేలతాయా?"

"నేను మూడు గంటల్లో మనిషిని పట్టాను. మీరు అంతకుముందు రోజంతా ఏం చేశారు?"

"బేకరీలో, చర్చిలో, రేవు దగ్గర జనంతో మాట్లాడాను. ఆయనెవరో తెలుసుకుందామని." స్మరంద గొంతు పెంచలేదు. "మీరు ఈ ఊరివారు కాదు కాబట్టి చెప్తాను. పదకొండేళ్ళ కిందట 'లెబాదా' అనే సరుకు పడవ ఏట్లో అడుగు విరిగి మునిగిపోయింది. ఇద్దరు కళాసీలు పోయారు. ఆ పడవ నమూనా పంతెలిమోన్ గారిది. లెక్క తప్పాడని విచారణ తేల్చింది. ఆయన ఎదురు చెప్పలేదు. లైసెన్సు తిరిగి ఇచ్చేసి, చేపల పడవలు తప్ప ఇంకేమీ గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఏటా ఆ రోజు చర్చికి ఆ ఇద్దరి పేరు మీద ఉడికించిన గోధుమల కొలివ ప్రసాదం చేయించుకొచ్చి, అందరికీ పంచి, తను మాత్రం తినకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు. నేనూ చూశాను. చేసుకున్న పాపం అనుభవిస్తున్నాడులే అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది."

హొరియా కిటికీ వదిలి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చాడు.

"అయిపోయింది మేడమ్," అన్నాడు కోస్తిన్.

ల్యాప్‌టాప్‌లో మెయిళ్ళ సంఖ్య, కొత్త కంప్యూటర్‌లో సంఖ్య పక్కపక్కన పెట్టి చూశారు. ల్యాప్‌టాప్‌లో నలభైకి పైగా ఎక్కువున్నాయి. పంపినవారి పేర్ల వరసలో సర్దగానే తేడా తేలిపోయింది. ఎక్కువున్నవన్నీ ఒకే మనిషి దగ్గర్నుంచి వచ్చినవి. ఒవిదియు సర్బు.

"ఎవరితను?" అన్నాడు హొరియా.

"లెబాదా కట్టినప్పుడు రేవులో మేస్త్రీ. ఈయనకి కుడిభుజంలాంటివాడు. పడవ మునిగాక ఇద్దరికీ మాటల్లేవు. ఊరొదిలి సులీనా వెళ్ళిపోయాడు."

స్మరంద అన్నిటికంటే పాతది తెరిచింది. ముగ్గురూ ఒకేసారి చదివారు.

'అన్నా, నీ ఎదుటికొచ్చి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నీ లెక్క తప్పలేదు. నువ్వు రాసిన మందం రేకు పడవకి వెయ్యలేదు. స్టోర్స్‌లో గ్రిగోరె దాన్ని పల్చని రేకుతో మార్చాడు. నేను వెల్డింగ్ చేస్తున్నప్పుడే చేతికి తెలిసింది. నోరు మూసుకున్నాను. విచారణలోనూ మూసుకున్నాను. నువ్వు తలొంచుకుని నిలబడితే చూస్తూ కూర్చున్నాను. నన్ను తిట్టు. కొట్టు. ఒక్క ముక్క జవాబివ్వు.'

తర్వాతవి అదే మాట వేరువేరుగా. కొన్ని ఏడాది తర్వాత, కొన్ని నెల తర్వాత. 'జవాబివ్వలేదంటే క్షమించలేదనే అర్థం, నాకు తెలుసు.' 'విచారణాధికారికి రాయడానికి సిద్ధంగా ఉన్నాను, నువ్వు ఊఁ అను చాలు.' 'నిన్న మనవడు పుట్టాడు అన్నా, నీకు చెప్పాలనిపించింది.'

కోస్తిన్ ముక్కు చీదుకున్నాడు. "ఇవి ఆయన చదవనేలేదా మేడమ్? ఇన్నేళ్ళూ?"

"చదవకముందే ఎవరో చెరిపేశారు. వచ్చినవి వచ్చినట్టు."

"సరే," అన్నాడు హొరియా నెమ్మదిగా. "నాకు చూపించాల్సింది చూపించారు. ఈ మెయిళ్ళు ఇతనికి ఎందుకూ పనికిరావు. ఇవే ఏరి చెరపాలంటే ఇవి ఏమిటో ముందే తెలిసుండాలి." జేబులోంచి తాళంచెవి తీసి కోస్తిన్ రెండో చేతి బేడీ కూడా విప్పాడు. "గ్రిగోరె ఎవరు?"

స్మరంద జవాబు చెప్పేలోపు లోపలి గది తలుపు తెరుచుకుంది. పళ్ళెంలో నాలుగు కాఫీ కప్పులతో అగ్లాయా వచ్చింది.

స్మరంద చెయ్యి చాచి ల్యాప్‌టాప్ మూత సగం దించింది. "అగ్లాయా గారూ, ఆ రోజు చెరిపేసిన మెయిళ్ళు పాత కంప్యూటర్‌లో దొరికాయి."

"అన్నీనా?" అంది ఆవిడ.

ఆ మాటతో, పళ్ళెం పట్టుకున్న చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఏ మెయిళ్ళు అని అడగాల్సిన మనిషి, అన్నీనా అని అడిగింది. ఆ సంగతి అందరికంటే ముందు ఆవిడకే తెలిసింది. పళ్ళెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఒక్క చుక్క ఒలకకుండా ఒక్కో కప్పూ అందరి ముందూ పెట్టింది. చివరి కప్పు పెట్టాక కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంది. హొరియా తన కుర్చీ జరిపాడు.

"గ్రిగోరె మా ఆయన," అంది అతనితో. "పోయి ఆరేళ్ళయింది."

"అమ్మా, మీరు చెప్పేది మేము రాసుకుంటాం. లాయరు కావాలంటే పిలిపిస్తాం," అన్నాడు హొరియా. అతని గొంతులో ఉరుము లేదు.

"లాయరెందుకు నాయనా. పదకొండేళ్ళయింది, ఎవరైనా అడిగితే బాగుణ్ణని."

ఆవిడ ముందు స్మరందనే చూసి మాట్లాడింది, తర్వాత ఎవరినీ చూడలేదు.

"పొద్దున ఆఫీసు తలుపు నేనే తీస్తాను. ఆయన వచ్చేలోపు కంప్యూటర్ వెచ్చబడాలని నేనే మీట నొక్కుతాను. మొదటి మెయిల్ అలాగే కళ్ళబడింది. గ్రిగోరె పేరు చూసి గుండె జారిపోయింది. ఇంటికెళ్ళి అడిగాను. ఏడ్చాడు. పైవాళ్ళు మార్చమన్నారు, మార్చాను అన్నాడు. జైల్లో పెడతారే అన్నాడు. అప్పటికే గుండెజబ్బు మనిషి. చెరిపేశాను. తర్వాత ఇంకోటొచ్చింది. అదీ చెరిపేశాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడానికి ఏ రోజూ మంచిరోజు కాదు తల్లీ."

"గ్రిగోరె పోయాక?"

"పోయాక చెప్పొచ్చు. ఏమని చెప్పాలి? ఇన్నాళ్ళు నీ పరువు నా దగ్గర దాచానని చెప్పాలా? ఆయన ఏటా కొలివ చేయించేది నాచేతే. గోధుమలు నేనే ఉడకబెట్టేదాన్ని."

కోస్తిన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఆ సాయంత్రం ఏం జరిగింది?" స్మరంద అడిగింది.

"వేడిగా తింటాడని గిన్నెలో సూప్ తెచ్చాను. వీధి తలుపు తీస్తున్నాను, పైన ఎవరితోనో ఫోన్లో కేకలు. 'ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయి' అంటున్నాడు. నాకు అర్థమైపోయింది. పారిపోదామనుకున్నాను. కాళ్ళు రాలేదు. ఎంతసేపు మెట్ల మీద నిలబడ్డానో నాకు తెలీదు. తర్వాత ఆయన తలుపు తెరుచుకుని 'అగ్లాయా, అగ్లాయా' అని అరుస్తూ గబగబా దిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడతాడనుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంతే, తోసింది లేదు. ఆ చేతిని తప్పించుకోబోయి కాలు జారాడు. నా పక్కనించే దొర్లుకుంటూ కిందికి పోయాడు." ఆవిడ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయాడు. అప్పటికే పోయాడు. నేను పైకొచ్చి ఒవిదియు పేరున్నవన్నీ చెరిపేసి, తెర ఆర్పేసి, ఇంటికెళ్ళిపోయాను. పొద్దున్నే కొత్తగా చూసినట్టు చూశాను."

"కోస్తిన్‌ని పట్టుకున్నారని తెలిశాక?"

"రెండు రోజుల్లో వదిలేస్తారనుకున్నాను. తప్పు చెయ్యలేదు కదా, ఎందుకు ఉంచుతారు అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది." కిటికీ వైపు చూసింది. "క్షమించు బాబూ."

కోస్తిన్ వెనక్కి తిరగలేదు. "నేను ఆ 'కుదించు' మీట నొక్కి ఉంటే ఇవేవీ ఉండేవి కాదండీ," అన్నాడు గాజుతో చెప్తున్నట్టు. "ఆయనా ఉండేవారు."

"ఆయన ఉండేవాడు. ఆ పాపం మోస్తూ ఉండేవాడు," అంది స్మరంద.

హొరియా పుస్తకం మూశాడు. "కంప్యూటర్ సీలు వేసి పట్టుకెళ్దాం. ప్రోగ్రామ్ మూసెయ్యి కోస్తిన్, పద్ధతిగా మూసెయ్యి."

కోస్తిన్ వచ్చి మూసే మీట నొక్కాడు. ప్రోగ్రామ్ మూసుకోలేదు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె లేచింది.

'పంపని మెయిల్ ఒకటి ఉంది. అయినా మూసెయ్యాలా?'

"ఇదేంటి?" అన్నాడు హొరియా.

"నేను మెయిళ్ళు మార్చాను గానీ, బయటికి పంపడానికి పాస్‌వర్డ్ ఇంకా పెట్టలేదు సర్. రేపొచ్చి పెడదామనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన ఏదో రాసి పంపబోతే, వెళ్ళకుండా ఇక్కడే ఆగిపోయింది."

"చూపించు."

పంపవలసినవి అనే ఫోల్డర్ అన్నిటికంటే కింద ఉంది. అందులో ఒక్కటే మెయిల్. రాసిన సమయం ఆరూ యాభై అయిదు. ఒవిదియు సర్బుకి.

స్మరంద చదివింది. చదువుతూ చదువుతూ చెయ్యి చాపి బల్ల అంచు పట్టుకుంది. హొరియా ఆమె భుజం మీదుగా చదివి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా గురించి రాశాడా?" అగ్లాయా అడిగింది.

స్మరంద తెరకి చెయ్యి అడ్డం పెట్టింది. ఈ వయసు మనిషికి ఇది చూపించడం న్యాయమా అనుకుంది. చూపించకుండా కోర్టులో ఎవరో గట్టిగా చదివితే మొదటిసారి వినడం న్యాయమా అనుకుంది. హొరియా వంక చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి తెలిసినట్టుండే ఆ మొహంలో ఇప్పుడు ఏమీ లేదు.

"మీరే చెప్పండి మేడమ్," అన్నాడు. "ఇది నాకు రాదు."

స్మరంద తెరని ఆవిడ వైపు తిప్పింది. అగ్లాయా సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంది.

'తమ్ముడూ ఒవిదియు, నీ మెయిళ్ళన్నీ ఈరోజే చేరాయి. ఎక్కడ ఇరుక్కున్నాయో, కంప్యూటర్ పిచ్చిది. కోస్తిన్ దయవల్ల బయటపడ్డాయి, వాడికి మంచి సీసా ఒకటి బాకీ ఉన్నాను. నేను తప్పు చెయ్యలేదటరా. ఈ మాట ఒక్కణ్ణే నాలుగుసార్లు పైకి అనుకున్నాను. నిన్ను తిట్టను. నువ్వూ నాలాగే నిద్రపోలేదు కదా. రేపు బయల్దేరి రా, ఆ కళాసీల రెండిళ్ళకీ కలిసి వెళ్దాం. ఒక్కటి మాత్రం నా మాట విను. నువ్వు రాసిన పైవాళ్ళ సంగతి చెప్దాం, గ్రిగోరె పేరు ఎత్తొద్దు. చచ్చిపోయినవాడు. అగ్లాయాకి తెలిస్తే తట్టుకోలేదు, ముప్పయ్యేళ్ళుగా నాకు అన్నం పెట్టిన మనిషి. సూప్ తెచ్చే వేళయింది. నా లెక్క తప్పలేదని ముందు దానికి చెప్పాలి. అందరికంటే ముందు అదే సంతోషిస్తుంది.'

అగ్లాయా చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. రెండోసారి అయ్యాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనకి నేనని తెలీదు," అంది.

"తెలీదు."

"నన్ను కొట్టడానికి కాదు దిగింది."

"కాదమ్మా."

బల్ల మీద కాఫీలు ఎవరూ తాగకుండానే చల్లారిపోయాయి. హొరియా ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, "సులీనాలో ఆ మనిషికి నేనే చెప్తాను," అన్నాడు స్మరందతో, మెల్లగా. "ఫోన్లో కాదు. వెళ్ళి చెప్తాను. రైలు సంగతి తర్వాత."

"ఆగు నాయనా," అంది అగ్లాయా. "వెళ్ళేముందు నువ్వు రాసుకున్నదాంట్లో ఒకటి దిద్దుకో."

హొరియా ఆగాడు.

"అప్పటికే పోయాడని చెప్పాను. పోలేదు." ఆవిడ గొంతు ఎత్తలేదు, దించలేదు. "కిందపడ్డాక కళ్ళు తెరిచే ఉన్నాడు. నేను పైకెక్కడం చూశాడు. ఫోన్ చెయ్యడానికి వెళ్తున్నాననుకున్నాడు. ఫోన్ ఈ బల్ల మీదే ఉంది, నేను ముట్టుకోలేదు. ముందు అవి చెరిపేసి తర్వాత చేద్దామనుకున్నాను. ఒవిదియువి ఒక్కొక్కటే వెతికి పట్టుకోవాల్సొచ్చింది. దిగేసరికి అయిపోయింది."

స్మరంద ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆయనేమైనా అన్నారా అమ్మా?"

అగ్లాయా తెర మీది అక్షరాల వంక చాలాసేపు చూసింది.

"అన్నాడు. నేను మెట్లెక్కుతుంటే వెనకనించి అన్నాడు. 'మెట్లు జారుతున్నాయి అగ్లాయా, కమ్మీ పట్టుకుని నిదానంగా ఎక్కు, తొందరేం లేదు' అన్నాడు."